చింతపిక్కల కుండ

దాలినాయుడు నాలుగేళ్లలో ఒక్క కుండ కూడా పగలగొట్టలేదు. వీణలు చేసే ఆ వీధిలో అలా చెప్పుకోగలిగిన శిష్యుడు ఇంకొకడు లేడు. అతను ఆ మాట అందరికీ చెప్పుకునేవాడు కూడా. కొన్నాళ్లుగా చెప్పుకోవడం మానేశాడు.

వీణను ఒకే పనస దుంగలోంచి తీస్తారు. గుండ్రని కుండ, దానికి మెడలాంటి దండి, రెండూ ఒకే చెక్క. ముందు పైరూపం చెక్కి, ఆ తర్వాత కుండ లోపలి చెక్కను ఉలితో తొలుస్తారు. పలచనయ్యేకొద్దీ నాదం విప్పుకుంటుంది. ఒక్క పేడు ఎక్కువ తీస్తే కన్నం పడుతుంది. కన్నం పడితే దుంగ పోయినట్టే. అతుకు వేసిన కుండ పలకదు.

దాలినాయుడు ఎప్పుడూ ముందే ఆపేవాడు. అతను తొలిచిన మూడు వీణలూ అద్దాల బీరువాల్లోకి వెళ్లాయి. చూడటానికి బాగుండేవి. వాయించడానికి ఎవరూ అడగలేదు.

నాలుగో దుంగ వేరు. అది వాళ్ల అమ్మ పెంచిన చెట్టు. భర్త పోయాక ఆవిడ ఆ చెట్టు కాయలు సంతకు మోసుకెళ్లి కొడుకును పెంచింది. తుపానుకు చెట్టు కూలింది. మాను చాలామటుకు పుచ్చిపోయి, ఒక్క వీణకు సరిపడా ముక్క మిగిలింది. దాన్ని మూడేళ్లు నీడలో ఆరబెట్టి బండెక్కించారు. బండి కదిలేటప్పుడు ఆవిడ కొడుకుతో అన్నది ఒకటే మాట. "పలికితే కబురంపు, వస్తాను."

దాలినాయుడు ఆ కుండను బొటనవేలి మందం దాకా తొలిచి ఆగాడు. పదకొండు రోజులు ఉలి ముట్టలేదు. రోజూ వచ్చి వేలి కణుపుతో తట్టేవాడు. ధబ్ మనేది, బియ్యం బస్తాను తట్టినట్టు.

పన్నెండోనాడు గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు పేరు మల్లేశ్వరాచారి. అరవై ఎనిమిదేళ్లు. మాట తక్కువ.

"గురువుగారూ, ఇంకా ఎంత తియ్యాలండి?"

గురువు వచ్చి కుండను ఒకసారి తట్టాడు. తర్వాత కిటికీలోంచి ఆకాశం చూశాడు. తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి ఉంది. ముసురు రోజుల్లో ఆయన ఎవరినీ కర్రపని చెయ్యనివ్వడు. చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుందని, అప్పుడు అది వేళ్లకు అబద్ధం చెబుతుందని అంటాడు.

"వాన వెలిసేదాకా మా ఇంటికి రా," అన్నాడు. "భోజనాలయ్యాక పాచికలాడతాం. ఒక చెయ్యి తక్కువయింది."

ప్రశ్న వినబడలేదేమోనని దాలినాయుడు మళ్లీ అడిగాడు. గురువు అప్పటికే గొడుగు తెరిచి వీధిలో ఉన్నాడు.

*

చావడిలో చాప పరిచి ఉంది. ఒక పక్క గురువు భార్య వరహాలమ్మ, ఎదురుగా గురువు అక్క సన్యాసమ్మ. సన్యాసమ్మకు డెబ్భై అయిదు దాటాయి. పళ్లు నాలుగో అయిదో ఉన్నాయి గాని, చూపు ఇంకా సూదిలో దారం ఎక్కించేంత. మధ్యలో ఒక నల్లటి కుండ నిండా చింతపిక్కలు.

ఆ కుండ వీణదేనని దాలినాయుడికి చూడగానే తెలిసింది. దండిని రంపంతో కోసేసిన చోట అంచు చదునుగా ఉంది. అడుగున మైనం పట్టించిన గుడ్డతో ఏదో అతుకు. చేతుల జిడ్డుకు చెక్క నునుపుదేలి, నల్లబడింది. పాత సామాను ఏదో ఇంటి వాడకానికి పెట్టుకున్నారనుకుని ఇక పట్టించుకోలేదు.

ఆట ఎలా ఆడాలో ఎవరూ చెప్పలేదు. పాచికలు రెండు, పనస చెక్కవే, కాల్చిన మేకుతో చుక్కలు పెట్టినవి. అతని చేతిలో పెట్టి వెయ్యమన్నారు. వేశాడు. మూడు, అయిదు పడ్డాయి.

తీసుకోమంది సన్యాసమ్మ. ఏం తీసుకోవాలో తెలియక అతను పాచికలు తీసుకున్నాడు. వరహాలమ్మ నవ్వు ఆపుకుని పిక్కలు చూపించింది. ఎనిమిది పిక్కల కోసం కుండలోకి చెయ్యి చాపేసరికి ముసలావిడ మణికట్టు మీద ఒకటి వేసింది.

"ఒళ్లో పెట్టుకుని తియ్యరా. ఎడం చెయ్యి అడుగున, కుడి చెయ్యి లోపల. చంటిపిల్లని పట్టుకోలేదేటి ఎప్పుడూ?"

కుండను ఒళ్లోకి లాక్కుని ఎనిమిది తీశాడు. ఇంకోసారి వేస్తావా, కడతావా అని అడిగారు. కట్టడమంటే ఏమిటో తెలియదు కనుక వేస్తానన్నాడు. ఒకటి, నాలుగు పడ్డాయి. ముగ్గురూ అతని వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి వరహాలమ్మ, "పోసెయ్ బాబూ," అంది.

ఒంటి చుక్క పడితే ఆ వంతులో తీసినవన్నీ కుండలో పోసెయ్యాలని అలా తెలిసింది.

రెండో వంతులో ఏడు పడ్డాయి. అతను పాచికలు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఎవరూ కదల్లేదు. "కట్టు" అని పైకి అనాలట. అంటేనే పిక్కలు పక్కనున్న సొంత చెంబులో పడతాయి, పాచికలు పక్కవాళ్లకు వెళ్తాయి. మనసులో అనుకుంటే చెల్లదు. ముందు వంద పిక్కలు చెంబులో పడినవాళ్లు గెలిచినట్టు. అందరికంటే తక్కువున్నవాళ్లు సాయంత్రం కూరకు కొబ్బరి కోరాలి. ఈ చివరి సంగతి మాత్రం, అతను ఓడిపోయి లేచి వెళ్లబోతుంటే, వంటింటి గుమ్మంలో కోరాము పీట వేసి చెప్పారు.

కొబ్బరి కోరుతూ, కుండ మధ్యలో ఉంటే పోయేదానికి వంతు వచ్చినవాళ్లందరూ ఒళ్లోకి ఎత్తుకోవడం ఎందుకని అడిగాడు. సన్యాసమ్మ వింతగా చూసింది. తమ అమ్మ అలాగే ఆడించిందట. 

*

వాన తగ్గలేదు. దాలినాయుడు రోజూ వెళ్లాడు.

రెండోనాటికి అతను లెక్క కట్టుకొచ్చాడు. రెండు పాచికలు ముప్ఫై ఆరు రకాలుగా పడతాయి. అందులో పదకొండింట ఒంటి ఉంటుంది. అంటే మూడు సార్లకు ఇంచుమించు ఒకసారి అంతా పోతుంది. అందుకని ఒక్కసారి వేసి, పడినదానితో కట్టు అనేవాడు. అయిదు, కట్టు. తొమ్మిది, కట్టు. పోయినా అతని చేతిలో పోవడానికి ఏమీ ఉండేది కాదు. అతని చెంబు చీమ నడిచినట్టు నిండేది. అది యాభైకి చేరేలోగా ఎవరో ఒకరు వంద దాటేసేవారు.

వరహాలమ్మ ఆశపోతు. ముప్ఫై చేతిలో ఉన్నా ఇంకోటి వేసేది, అన్నీ పోసేసి తనే నవ్వేది. సన్యాసమ్మ పాచికలకంటే మనుషుల మొహాలు ఎక్కువ చూసేది. తమ్ముడి చెంబు తొంభై దాటిందంటే ఆవిడ ఇక ఎక్కడా ఆగేది కాదు. గురువు ఆటే అంతుపట్టలేదు. నాలుగు పడితే కట్టు అన్నాడు. ఇంకో వంతులో ముప్ఫై ఒకటి దాకా వెళ్లి కట్టు అన్నాడు. మరోసారి పదహారు. దాలినాయుడు జేబులో కాగితం పెట్టుకుని, ఆయన ఆగిన అంకెలన్నీ రాసుకున్నాడు. మూడు రోజులకు నలభై ఒక్క అంకెలు పోగయ్యాయి. పైనుంచి కిందికీ, కింది నుంచి పైకీ చదివాడు. వాటిలో ఒక వరస కనిపించలేదు.

ఆట అయ్యాక, గురువు వీధిలోకి వెళ్లబోతుంటే వసారాలో అడిగాడు. "నాలుగుకే ఎందుకు కట్టారండి?"

"ఎప్పుడు?" అన్నాడు గురువు.

నిన్న, మూడో ఆటలో, రెండో వంతు అని దాలినాయుడు చెప్పాడు. గురువు కాసేపు నిజంగానే గుర్తుచేసుకోబోయాడు. గుర్తు రాలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూడా కొబ్బరి దాలినాయుడే కోరాడు. కొబ్బరి కోరడానికి ఇంత లెక్కలు తెలిసిన మనిషి దొరకడం తమ అదృష్టమని వరహాలమ్మ అంది. రాత్రి గదికి వెళ్లి కాగితం ముందు పెట్టుకుంటే, తాను ఏం నేర్చుకోవడానికి వచ్చాడో, ఏం నేర్చుకుంటున్నాడో అతనికే తెలియలేదు. ఎక్కడ ఆపాలో చెప్పమంటే ఆట నేర్పుతున్నారు. ఆటలో ఎక్కడ ఆపాలో అడిగితే అదీ చెప్పరు.

ఆరోనాడు ఉండబట్టలేక అందరి ముందే అనేశాడు.

"ఇక్కడ పిక్కలు పోతే మళ్లీ వంతు వస్తుంది గురువుగారూ. దుంగ పోతే మళ్లీ రాదు. దీనికీ దానికీ పోలికేమిటండి?"

 సన్యాసమ్మ తమ్ముడి మొహం చూసింది. గురువు ఊఁ అని పాచికలు అందుకున్నాడు. తొమ్మిది పడ్డాయి. కుండను ఒళ్లోకి తీసుకుని తొమ్మిది పిక్కలు తీసి, కట్టు అని, కుండను శిష్యుడి ఒళ్లో పెట్టాడు.

"నీ వంతు," అన్నాడు.

*

ఎనిమిదోనాడు, ఎలా వచ్చిందో గాని, దాలినాయుడి చెంబులో డెబ్భై ఒకటి చేరాయి. ఆడవాళ్లిద్దరికీ ఆ రోజు పాచిక కలిసిరాలేదు. గురువుకు తొంభై ఆరు ఉన్నాయి. ఆయనకు ఇంకొక్క వంతు చాలు.

దాలినాయుడు వేశాడు. ఏడు పడ్డాయి. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకున్నాడు. ఇప్పుడు కట్టు అంటే కొబ్బరి కోరాము తప్పుతుంది గాని, గురువు గెలిచినట్టే. మళ్లీ వేశాడు. తొమ్మిది. మళ్లీ వేశాడు. ఎనిమిది. ఒళ్లో కుండ, పిడికిట్లో ఇరవై నాలుగు పిక్కలు. ఇంకో అయిదు కావాలి.

ఇన్నాళ్లలో అతను అంత దూరం వెళ్లింది లేదు. లెక్క వెయ్యబోయాడు. ముప్ఫై ఆరులో పదకొండు అన్నది గుర్తుంది గాని, దాంతో ఏం చెయ్యాలో గుర్తు రాలేదు.  వరహాలమ్మ విసనకర్ర ఆపేసింది.

"వెయ్యరా," అంది సన్యాసమ్మ, మెల్లిగా.

వేశాడు. ఆరు పడింది. రెండోది చాప అంచున తిరిగి, తిరిగి, ఒంటి చుక్క పైకి పెట్టి ఆగింది.

 అతను పిడికిలి కుండలోకి విసురుగా విదిలించాడు. ఇరవై నాలుగు పిక్కలూ కుండ అడుగున డప్పులా మోగాయి. వెంటనే ఇంకో చప్పుడు వినిపించింది. ముసురుకు చెమ్మెక్కి ఉన్న మైనం గుడ్డ ఊడి, పిక్కలు అతని ఒడిలోకి, ఒడిలోంచి చాప మీదికి జలజలా కారాయి.

ఇల్లుగలవాళ్ల సామాను పగలగొట్టాననుకుని దాలినాయుడు కుండను ఎత్తి పట్టుకున్నాడు. అడుగున రూపాయి బిళ్లంత కన్నం. అతని మొహం చూసి వరహాలమ్మ తొందరగా, "నువ్వు కాదు బాబూ," అంది. "అది మీ గురువుగారు పెట్టిన కన్నమే. నేను కాపరానికి రాకముందు."

 గురువు వంగి పిక్కలు ఏరుతున్నాడు. చెప్పింది సన్యాసమ్మ.

"వీడి మొదటి కుండ. మా అమ్మ పుట్టింటినుంచి గింజ తెచ్చి నాటిన చెట్టు. ఒక్కటే చెట్టు. వీడు కన్నం పెట్టేశాడు. మూడు రోజులు అమ్మ వీడికి అన్నం పెట్టలేదు, నేనే దొంగతనంగా పెట్టాను. నాలుగోనాడు రంపం తెప్పించి దండి కోయించేసి, కుండలో చింతపిక్కలు పోసింది. ముసురు రోజులు. వీణ్ణి పిలిచి, రారా ఆడదాం అంది."

దాలినాయుడి వేలు కన్నం అంచు మీద ఉంది. అక్కడ చెక్క తాటాకంత పలచన. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి మెల్లిగా పక్కకు జరిపాడు. జానెడు దూరంలో అది నిలకడగా ఒకే మందానికి వచ్చింది. అక్కడినుంచి కుండ చుట్టూ ఎక్కడ పట్టుకున్నా అదే మందం. ఆ ఒక్కచోట తప్ప.

పూర్తయిన వీణ కుండను ఇలా పట్టి చూడటం కుదరదు. పైన పలక వేసి మూసేస్తారు.

కొలతకు జేబులోంచి దారం తీశాడు. అప్పటికే గురువు కుండను అందుకుని, వీణ మెట్లకు వాడే మైనం కరిగించడానికి కుంపటి దగ్గరికి వెళ్లాడు. ఒక్కరోజు కుండను పనిచోటికి పట్టుకెళ్లి కొలుచుకుని తెస్తానని దాలినాయుడు బతిమాలాడు. సన్యాసమ్మ ఒప్పుకోలేదు. ఆటసామాను గడప దాటదంది. గురువుకేసి చూశాడు. గురువు గుడ్డకు మైనం పట్టిస్తున్నాడు.

"ఎండ వచ్చేలా ఉంది," అన్నాడు తల ఎత్తకుండా. "ఉలి నూరుకో."

ఆ సాయంత్రం కొబ్బరి వరహాలమ్మ కోరింది. ఆమె చెంబులో యాభై రెండే ఉన్నాయి. దాలినాయుడికి ఆ మాటే గుర్తు లేదు. కోరాము పీట మీద కూర్చోబోతుంటే ఆవిడే లేవగొట్టింది.

*

ఎండ కాసింది. చెక్క ఆరడానికి గురువు ఇంకో అయిదు రోజులు ఆగమన్నాడు. ఆరోనాడు దాలినాయుడు ఉలి నూరుకుని తన కుండ ముందు కూర్చున్నాడు.

దారం తెచ్చుకున్నాడు గాని దానిమీద ఏ కొలతా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత, అలవాటుకొద్దీ, ఎడం చెయ్యి కుండ అడుగున పెట్టి, కుడి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. చెయ్యి తడబడింది. తెలియని ఇంట్లో చీకట్లో నడిచినట్టు అనిపించింది. ఆటలో పట్టుకున్న కుండలా లేదు, రెండు చేతుల మధ్య ఇంకెవరో కూర్చున్నట్టు ఉంది.

ఉలి అందుకున్నాడు.

నాలుగు రోజులు తొలిచాడు. ఒక పేడు తియ్యడం, ఉలి పక్కన పెట్టి చెయ్యి పెట్టి చూడటం. మూడోనాడు మధ్యాహ్నం ఒకచోట చెక్క వేలి కింద కొంచెం లొంగినట్టయింది. అక్కడ వదిలేసి పక్కకు జరిగాడు. కాగితం మీద అంకెలు రాయలేదు. కణుపుతో తట్టి చూడటం కూడా మరిచిపోయాడు. పక్క పనివాళ్లు పలకరిస్తే ఊఁ అన్నాడట, అతనికి తెలియదు.

నాలుగోనాడు పొద్దు వాలుతుండగా కుడి చెయ్యి లోపల పెట్టి, కదలకుండా ఉండిపోయాడు. తర్వాత ఉలి తుడిచి గూట్లో పెట్టి గురువును పిలుచుకొచ్చాడు.

గురువు కుండను తట్టలేదు. గూట్లో తుడిచి పెట్టిన ఉలిని చూశాడు.

"ఇంకో పేడు తియ్యొచ్చా?"

"తియ్యొచ్చండి."

"మరి ఆపావేం?"

  దాలినాయుడు జరిగిందే చెప్పాడు.

"లోపల చెయ్యి పెట్టానండి. చెయ్యి చింతపిక్కల కోసం తడిమింది."

గురువు కాసేపు శిష్యుడి చేతుల వైపు చూశాడు.

"రేపు పలక కొయ్యి," అన్నాడు. "దాంతో కుండ మూసేముందు మీ అమ్మకు కబురంపు. లోపల ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుంటుంది."